వెనుక నుంచి పిలవని ఇల్లు

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ వెనుక నుంచి పిలవరు. ఇది శకునాల పట్టింపు కాదు, సాంచాల షెడ్డు నేర్పిన పద్ధతి. సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను సాంచా అంటారు. మా తాత కాలం నుంచి మాకు ముప్పై రెండు సాంచాలు ఉండేవి. అవన్నీ నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. తెగిన పోగును అతుకుతున్న మనిషిని వెనుక నుంచి తట్టి పిలిస్తే ఉలిక్కిపడతాడు. అప్పుడు చెయ్యి ఎక్కడ పడుతుందో చెప్పలేం. అందుకని మా నాన్న షెడ్డులో ఒక కట్టడి పెట్టాడు. ఎవరితో పని ఉన్నా చుట్టూ తిరిగి వెళ్లి ఎదురుగా నిలబడాలి. వాళ్లు తల ఎత్తి చూసేదాకా ఆగాలి. దూరంగా ఉంటే లైటు ఆర్పి వెలిగించాలి.

షెడ్డూ ఇల్లూ ఒకే ప్రహరీలో ఉండేవి కాబట్టి ఆ కట్టడి ఇంట్లోకీ వచ్చింది. మా అమ్మ వంటింట్లోంచి కేకేసి ఎరగదు. వచ్చి ఎదురుగా నిలబడేది. చూడవచ్చిన చుట్టాలు అది మా ఇంటి మర్యాద అనేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ మర్యాద నా కళ్లెదుటే ఏం దాచిపెట్టిందో తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

నా బిడ్డకు ఏడేళ్లప్పుడు మెదడు జ్వరం వచ్చింది. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. కుడి చెవి పూర్తిగా పోయిందనీ, ఎడమ చెవి సగం పనిచేస్తోందనీ డాక్టరు చెప్పాడు. చెవికి మిషన్ పెట్టించమన్నాడు.

"చెవికి మిషన్ పెట్టుకొని బజార్ల తిరుగుతదా మన పిల్ల? గీ ముచ్చట గడప దాటద్దు" అన్నాడు మా నాన్న. ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాటే నచ్చింది.

అప్పటికే మాటలు వచ్చిన పిల్ల కాబట్టి మాట పోలేదు. గొంతు మాత్రం ఎగుడుదిగుడు లేకుండా ఒకే తీరుగా మారింది. రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని పెదవులు చూసి మాట పట్టడం నేర్పాను. షెడ్డులో పనివాళ్లంతా అలాగే మాట్లాడుకుంటారు, ఆ విద్య మాకు కొత్తది కాదు. దాని మీద నా సొంత పాఠాలు కొన్ని చేర్చాను. నలుగురిలో ఉన్నప్పుడు గోడకు వీపు ఆనించి కూర్చో. అందరూ నవ్వితే నవ్వు. అర్థం కాకపోతే తల ఊపు. "ఏంది?" అని మాత్రం ఎవరినీ అడగకు. బడిలో, పెండ్లిళ్లలో, చుట్టాల ఇళ్లలో ఎవరూ కనిపెట్టలేదు. మా మేనత్త నాలుగు రోజులుండి పోతూ, "నీ బిడ్డ ఎంత బుద్ధిమంతురాలురా, ఏం జెప్పినా సరే అంటది" అన్నది. ఆ రోజు నాకు అన్నం మరో రెండు ముద్దలు ఎక్కువే పోయింది. ఎడమ చెవి మంచిది కాబట్టి భోజనానికి ఎప్పుడూ ఆమెకు ఎడమ పక్కనే కూర్చునేవాణ్ణి.

తరువాత సాంచాలు పోయాయి. ఎలా పోయాయో సిరిసిల్లలో ఎవరినడిగినా చెబుతారు, మాదేమీ వింత కథ కాదు. ఇనుముగా తూకం వేసి లారీకెత్తుతుంటే మా నాన్న అరుగు మీద నిటారుగా కూర్చుని చివరి సాంచా పోయేదాకా చూశాడు. ఆ ఏడాదే పోయాడు. నేను కోరుట్లకు వచ్చి ఒక బట్టల దుకాణంలో గుమస్తాగా చేరాను. గజం బద్దతో కొలిచి బట్ట చింపేటప్పుడు కూడా వీపు వంచను. దుకాణం యజమాని నన్ను నువ్వు అనడు. అంతవరకు మిగిలింది.

నా బిడ్డ డిగ్రీ అయ్యాక ఒక లేడీస్ టైలర్ దగ్గర పనికి కుదిరింది. ఆ మాస్టర్ నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే మనిషి. సూదులు బిగపట్టిన పెదవుల మీద మాట ఎలా కనబడుతుంది? అతను ఏదో చెప్పాడు, ఈమె తల ఊపింది, పెండ్లికూతురి జాకెట్టు గుడ్డను రెండు వేళ్లు తక్కువగా కోసింది. "చెప్పింది ఒకటి, కోసింది ఒకటి. రేపటి సంది రాకు" అన్నాడట. ఆ మాట మాత్రం స్పష్టంగా కనబడి ఉంటుంది, దాన్ని సూదులు తీసే చెప్పాడు.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇదేంది?" అన్నాను.

"సిరిసిల్ల పక్కన బాపూ. బట్టలు కుట్టే కంపెనీ. మూడు నెలలు నేర్పుతరట. హాస్టలుంటది. నేర్సుకున్నంక గాడ్నే నౌకరి."

"కింద సదివినవా? వికలాంగులకు అని ఉన్నది."

"సదివిన. గందుకే సూపెడ్తున్న."

"మనింట్ల వికలాంగులు ఎవ్వరు లేరు."

నా భార్య పొయ్యి దగ్గర్నుంచి లేచి, చుట్టూ తిరిగి వచ్చి, గరిటెతో సహా నా ఎదురుగా నిలబడింది. "లేరా? మరి ఆ టైలరు ఎందుకు వద్దన్నడయ్యా? పో, పోయి ముప్పై రెండు సాంచాల కథ జెప్పు. మల్ల పనికి పెట్టుకుంటడేమో."

"నువ్వు ఊకో."

"పదిహేనేండ్ల సంది ఊకున్న. ఇగ నాతోని కాదు."

నా బిడ్డ మా ఇద్దరి పెదవులూ చూసి, "కొట్లాడకుర్రి" అన్నది. "మీసేవల స్లాట్ బుక్ జేసిన. మంగళారం జగిత్యాల దవాఖానకు పోవాలె. సదరం సర్టిఫికెట్‌ల వైకల్యం నలభై శాతమని రావాలె బాపూ. రాకపోతే సీటు లేదు. ఇరవై రోజులే ఉన్నది."

ఒక్కదాన్నే పోతానన్నది. మా ఇంటి ఆడపిల్ల ఆ వరుసలో ఒంటరిగా నిలబడటం కంటే నేను పక్కన నిలబడటమే నయమనిపించింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వెళ్లాను.

జగిత్యాల దవాఖాన వరండాలో ఆ రోజు కాలూనడానికి చోటు లేదు. కర్రలు, మూడు చక్రాల బండ్లు, తల్లి భుజం మీద పడుకున్న పెద్ద పిల్లలు. టోకెన్లు చేత పట్టుకుని అందరూ తలుపు వైపే చూస్తున్నారు. నేను గోడ పక్కన, వరుసలో ఉన్నట్టూ లేనట్టూ నిలబడ్డాను.

"చిన్న సేటూ!"

గొంతు గుర్తుపట్టాను. మా షెడ్డులో ఇరవై ఏళ్లు సాంచాలు నడిపిన మనిషి. ఎడమ చెయ్యి పక్కకు వేలాడుతోంది. ఇప్పుడు మెట్‌పల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాడట.

"ఏమైంది చెయ్యికి?" అన్నాను.

"పక్షవాతం సేటూ. మా ఇంటిది ఎప్పుడు తిడుతుండె, సాంచా ఆగినా నీ చెయ్యి ఆగదేందయ్యా అని. ఇగో, ఆగింది. మీ సాంచాలోలె నేను సుత స్క్రాప్‌ల కలిసిన" అని నవ్వాడు. "మీరేంది గీడ?"

"వేరే పని ఉండి వచ్చిన."

అతను నా పక్కనున్న నా బిడ్డను చూశాడు. ఆమె చేతిలోని టోకెన్ చూశాడు. ఇంకేమీ అడగలేదు. కుడి చెయ్యి ఎత్తి, షెడ్డులో పలకరించుకునే తీరులో వేళ్లు ఆడించాడు. నా బిడ్డ కూడా నవ్వి వేళ్లు ఆడించింది. నాకు అది నచ్చలేదు.

మా నంబరు పిలిచారు. లోపల అద్దంతో రెండుగా చేసిన చిన్న గది. ఒక పక్క పరీక్ష చేసే అమ్మాయి, ఇంకో పక్క నా బిడ్డ. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు. ఎంత చిన్న చప్పుడు వినపడినా మీట ఒత్తాలి. చూపు పక్కకు ఉండేలా కుర్చీ వేశారు. నన్ను తలుపు దగ్గర నిలబడమన్నారు.

పరీక్ష మొదలైంది. నా బిడ్డ మీట ఒత్తింది. కొంచెం ఆగి మళ్లీ ఒత్తింది. ఎక్కడా తడబాటు లేదు. ఐదారుసార్లు అయ్యాక గమనించాను. ఆమె కుర్చీని ఎప్పుడో పిసరంత తిప్పుకుంది. కంటి కొనతో అద్దం అవతలి అమ్మాయి భుజాన్ని చూస్తోంది. ఆ అమ్మాయి వేలు బల్ల కింద ఎక్కడో ఉంది, కనబడదు. కానీ వేలు ఒత్తినప్పుడల్లా భుజం బట్ట నలుగుతోంది. నలిగిన ప్రతిసారీ నా బిడ్డ మీట ఒత్తుతోంది.

నేను చెప్పవలసింది అప్పుడే. చెప్పలేదు. దాచుకోకుండా రాస్తున్నాను: ఆ క్షణంలో నాకు గర్వం కలిగింది. ఎంత బాగా నేర్పాను అనుకున్నాను. ఎందుకు వచ్చామో కూడా మరిచిపోయాను.

డాక్టరు కాగితం చూసి నా వైపు తలెత్తాడు. "చెవులు మంచిగనే ఉన్నయి కద. ఎందుకు వచ్చిండ్రు?"

"చిన్నప్పుడు జ్వరం వచ్చి..." అన్నాను.

"అన్నీ వినపడుతున్నయి. సర్టిఫికెట్ రాదు." కాగితం పక్కన పెట్టి, ఇంకా ఏదో మిగిలినట్టు ఆగాడు. "చూస్తే పెద్దమనుషుల లెక్క ఉన్నరు. లేని రోగం ఉన్నదని చెప్పి వేరేటోళ్ల హక్కు గుంజుకుంటరా? బయట చూడుండ్రి ఎంతమంది ఉన్నరో."

మా తాత నుంచి నా దాకా ఎవరూ ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. దొంగ సర్టిఫికెట్ కోసం వచ్చామన్న మాట మా ఇంటి మనిషి ముఖం మీద పడింది. బయటికి ఎలా నడిచి వచ్చానో నాకు గుర్తులేదు. వీపు వంచలేదని మాత్రం గుర్తుంది.

వరండా చివర నల్లా దగ్గర నా బిడ్డ వంగి ముఖం కడుక్కుంటోంది. ఆమె ముందు గోడ తప్ప ఏమీ లేదు, అద్దం లేదు, నీడ పడే వెలుగు లేదు. నేను ఆమెకు ఎడమ వైపు, నాలుగు అడుగుల వెనుక నిలబడి ఉన్నాను. ఎందుకు అలా చేశానో ఇప్పటికీ చెప్పలేను. జీవితంలో మొదటిసారి ఆమెను వెనుక నుంచి పిలిచాను.

"బిడ్డా."

కదల్లేదు. నల్లా చప్పుడు అనుకున్నాను. ఆమె నల్లా కట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. గొంతు పెంచి పిలిచాను. తరువాత, మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను. వరండా అంతా తిరిగి చూసింది. తల్లి భుజం మీద నిద్రపోతున్న పిల్లవాడు ఉలిక్కిపడి ఏడ్చాడు. ఆమె మాత్రం తీరిగ్గా కొంగు సర్దుకుంటోంది.

మా షెడ్డులో సాంచాలు నడిపిన ఆ మనిషి నా దగ్గరికి వచ్చాడు. ఎదురుగా వచ్చి నిలబడే మాట్లాడాడు. "ఇప్పుడు పిలుస్తున్నరా సేటూ?" అన్నాడు మెల్లగా.

"నీకు ఎరుకేనా?"

"నాకేంది, షెడ్డంత ఎరుకే. చిన్నప్పుడు మన సాంచాల నడుమ ఆడుకునేది కద. కరెంటు పోయి సాంచాలన్ని ఒక్కసారి బందయితే మేమందరం తల ఎత్తేటోళ్లం. ఆ పిల్ల ఒక్కతే ఎత్తకపోయేది. పెద్దసేటు అడగద్దన్నట్టు ఉండె, మేం అడగలేదు."

అప్పుడు నా బిడ్డ ఇటు తిరిగింది. అందరి ముఖాలూ నా వైపు ఉండటం చూసింది, తరువాత నా ముఖం చూసింది. ఒక్క నిమిషంలో అంతా చదివేసింది.

"పిలిసినవా బాపూ?" అన్నది.

బెంచీ మీద కూర్చున్నాం. అలవాటుగా ఆమెకు ఎడమ పక్కనే కూర్చున్నాను. ఆమె లేచి వచ్చి నా ముందు చతికిలబడింది.

"ఎదురుంగ కూసుంట బాపూ. పక్కన కూసుంటే నీ మొఖం కనవడది."

"ఎడమ చెవి ఉన్నది కద బిడ్డా."

"ఎనిమిదో తరగతిల పోయింది."

"మరి బువ్వ తినేటప్పుడు నేను మాట్లాడితే..."

"స్టీలు చెంబుల కనవడ్తవు. గందుకే నా చెంబు ఎప్పుడు తోమి పెట్టుకుంట." చిన్నగా నవ్వబోయి ఆగింది. "నువ్వు చుట్టాలందరికి ఎడమ పక్క కూసోమని సైగ జేస్తుంటివి. ఆ ఒక్క చెవి మీద నీకు ఎంతో ధీమా. అది సుత పోయిందని ఎట్ల చెప్పాలె?"

లోకాన్ని నమ్మించడానికి నేను నేర్పిన విద్యను, ఆమె అందరికంటే ఎక్కువగా నా మీదే వాడింది. నేను చుట్టాలను జయించానని పొంగిపోయిన ప్రతి రోజూ, నా పక్కన చెంబులో నా ముఖాన్ని వెతుక్కుంటూ అన్నం తిన్నది.

"లోపట ఎందుకు ఒత్తినవు మరి? గిదంత నీ సీటు కోసమే కద?"

"ఒత్తద్దనే అనుకున్న బాపూ. ఆమె భుజం కదిలింది, నా చెయ్యి ఒత్తింది. చెయ్యి ఆగలేదు." ఇక అప్పుడు ఏడ్చింది.

మళ్లీ లోపలికి వెళ్లాను. డాక్టరు బల్ల ముందు పదిమంది ఉన్నారు. వాళ్లు తప్పుకునేదాకా ఆగితే మళ్లీ నోరు రాదని తెలుసు.

"డాక్టర్ సాబ్, నా బిడ్డకు వినరాదు. ఒక్క చెవి సుత లేదు. వినపడ్డట్టు నటించుడు నేనే నేర్పిన. ఆ అమ్మాయి భుజం చూసి మీట ఒత్తింది. గోడ దిక్కు తిప్పి కూసోపెట్టి ఇంకోసారి చూడుండ్రి."

డాక్టరు పక్కన పెట్టిన కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇందాక నేనన్న మాట..." అని మొదలుపెట్టి ఆపేశాడు. పరీక్ష చేసే అమ్మాయే లేచి వచ్చి, "నేను జూసుకోవాల్సింది సార్" అని నా బిడ్డ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

ఈసారి కుర్చీ గోడకు తిరిగింది. చప్పుడు పెంచుకుంటూ పోయారు. చివర్లో హెడ్‌ఫోన్లలోంచి ఆ కూత తలుపు దగ్గరున్న నాకే వినపడింది. నా బిడ్డ చెయ్యి ఒడిలో అలాగే ఉంది. బొటనవేలు మీట మీద ఉంది, కదల్లేదు. ఆ వేలు కదలకూడదని కోరుకుంటూ నిలబడ్డాను. తండ్రి కోరుకోవలసిన కోరికేనా అది?

రెండు పరీక్షలకూ పొంతన లేదు కాబట్టి కరీంనగర్‌కు రాశారు. అక్కడ తలకు వైర్లు పెట్టి, మీట ఒత్తే పని లేకుండా చూస్తారు. చివరి తేదీకి రెండు రోజుల ముందు సర్టిఫికెట్ ఫోన్లోకి వచ్చింది. నా బిడ్డ నా ఎదురుగా వచ్చి నిలబడి, "బాపూ, నూటికి నూరు అచ్చినయి. మన ఖాన్దాన్ల ఎవ్వరికి రాలేదు" అన్నది. నా భార్య కూడా నవ్వింది. నాకు నవ్వడం చేతకాలేదు.

సిరిసిల్ల పక్కనున్న శిక్షణ హాలుకు నేనే తీసుకెళ్లాను. లోపల ముప్పై మంది దాకా ఉన్నారు. అందరినీ పిలవాలంటే నేర్పే మేడం లైటు ఆర్పి వెలిగిస్తుంది. ఒక్కరితో పని ఉంటే చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్తుంది. గుమ్మంలోనే ఆగిపోయాను. ఎన్నో ఏళ్ల తరువాత మా షెడ్డులో నిలబడ్డట్టు ఉంది. ఇక దిగులు లేదనుకుని తిరిగి వచ్చాను.

నాలుగో రోజున మేడం ఫోన్ చేసి రమ్మన్నది. వెళ్లేసరికి నా బిడ్డ మిషన్ మీద కాకుండా గోడ పక్కన కూర్చుని కుట్టిన బట్టల దారాలు కత్తిరిస్తోంది.

"పనిమంతురాలే. కని ఏం జెప్పినా తల ఊపుతది" అన్నది మేడం. "అర్థం కాలేదని ఒక్కసారి అనలేదు. సూది మార్చేముందు కరెంటు బందు చెయ్యాలని చెప్పిన. ఊపింది. నిన్న మిషన్ బందు చెయ్యకనే సూది కింద వేలు పెట్టింది. నేను చూసిన కాబట్టి సరిపోయింది. గిట్ల ఎవరు నేర్పిండ్రు ఈమెకు?"

"నేనే" అన్నాను. జగిత్యాలలో పదిమంది ముందు చెప్పిన దానికంటే ఈ ఒక్క మాట కష్టమైంది. నా కళ్లు ఆమె వేళ్ల మీదే ఉన్నాయి.

"అయితే మీరే మాన్పియ్యాలె. వారం టైమిస్త. 'వినరాలేదు, మల్ల చెప్పుండ్రి' అని చెయ్యి ఎత్తి అడిగేదాక మిషన్ మీద కూసోపెట్టను. అప్పటికి సుత రాకపోతే ఇంటికి తీస్కపోవాలె. నా దగ్గర వేళ్లు పోవద్దు."

ఆ వారం రోజూ దుకాణం నుంచి రాగానే వీడియో కాల్ చేశాం. నా భార్య ఫోను పట్టుకునేది. నేను తువాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో ఒక మాట అనేవాణ్ణి. అవతల నా బిడ్డ వెంటనే, చక్కగా, బుద్ధిగా తల ఊపేది. ఏమన్నానని అడిగితే తల వంచుకునేది. మొదటి రోజు పదిసార్లు అన్నాను, పదిసార్లూ ఊపింది. పదిహేనేళ్లు మెచ్చుకున్న ఆ తల ఊపును చూస్తుంటే నాకు భయం వేసింది. మూడో రోజు కోపం వచ్చి ఫోను పెట్టేసింది. నాలుగో రోజు మళ్లీ తనే చేసింది.

ఆరో రోజు తువాలు వెనుక నుంచి అన్నాను. ఆమె తల కొంచెం కిందికి దిగింది. అక్కడే ఆగింది. కాసేపటికి నా బిడ్డ కుడి చెయ్యి, బరువేదో ఎత్తుతున్నట్టు, భుజం దాకా లేచింది.

"వినరాలే బాపూ. మల్ల చెప్పు."

తువాలు తీసేసి, ఫోనుకు ఎదురుగా జరిగి, మళ్లీ చెప్పాను.

"తిన్నవా బిడ్డా?"